గెడ చివర నేల చేతికి తెలిసినట్టు: దూరం నుంచి నడిపే యంత్రాల్లో స్పర్శను ఎలా కొలుస్తారు?

కోనసీమ లంకల్లో గెడ వేసి పడవ నడిపే మనిషిని దగ్గర నుంచి చూడండి. అతను నీళ్ళలోకి చూడడు. వరద రోజుల్లో గౌతమి ఎర్రగా పారుతుంది, చూసినా ఏమీ కనపడదు. గెడ దించగానే కింద ఇసకుందో, బురదుందో, రాయి తగిలిందో అరచేతికి తెలిసిపోతుంది. ఇసకలో గెడ గరగరమని ఆగుతుంది. బురదలో మెత్తగా దిగిపోతుంది, పైకి లాగబోతే పట్టుకుంటుంది. నేలను తాకేది వెదురు. ఆ కబురు అందేది మనిషికి.

2025 జనవరిలో గురుగ్రామ్‌లో కూర్చున్న సర్జన్లు జైపూర్‌లో ఉన్న పేషెంటుకి, మన దేశంలో తయారైన రోబోతో గుండె ఆపరేషన్ చేశారని వార్తలొచ్చాయి. అప్పటి నుంచి మా వైపు కూడా ఆ కబుర్లే. హైదరాబాద్ డాక్టరు అక్కడే ఉండి అమలాపురంలో ఆపరేషన్ చేసే రోజు వస్తుందని ఒకరు, అదంతా వీడియో గేమ్ లాంటిదని ఇంకొకరు. మా పెద్దమ్మ మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అంత దూరం నుంచి కోస్తుంటే లోపల మెత్తగా ఉందో గట్టిగా ఉందో ఆ డాక్టరు గారి చేతికి తెలుస్తుందంటావా?"

అసలు అడగాల్సింది అదే. తెలుస్తుంది, తెలియదు అని ఒక్క మాటలో జవాబు చెప్పేస్తే సరిపోదు. ఎంత తెలుస్తుంది, ఆ "ఎంత"ని దేనితో కొలవాలి అనే చోటే గందరగోళం మొదలవుతుంది. ఈ రంగంలో పనిచేసే ఇంజినీర్లు కూడా ఇంకా తర్జనభర్జన పడుతున్నది అక్కడే.

ఇవతలి చెయ్యి, అవతలి చెయ్యి

యంత్రాన్ని దూరం నుంచి చేత్తో నడపడాన్ని టెలిఆపరేషన్ అంటారు. మనిషి పట్టుకునే హ్యాండిల్‌ని ఇవతలి చెయ్యి అనుకుందాం. దూరాన పని చేసే రోబో చేతిని అవతలి చెయ్యి అందాం. ఇవతలి చెయ్యి కదిలితే ఆ కదలిక అవతలికి వెళ్తుంది. అవతలి చేతికి ఏదైనా తగిలితే ఆ తాకిడి బలం ఇవతలికి రావాలి. అలా వెనక్కి వచ్చేదే టచ్ ఫీడ్‌బ్యాక్.

ఈ కథ ఆపరేషన్ థియేటర్లలో మొదలవలేదు. 1940ల చివర అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబొరేటరీలో రేమండ్ గోర్ట్జ్ అనే ఇంజినీరు, రేడియోధార్మిక పదార్థాలను గోడ అవతలి నుంచి పట్టుకునే యంత్రపు చేతులు తయారుచేశాడు. రెండు చేతులనీ నేరుగా యాంత్రికంగా కలిపాడు కాబట్టి గెడలో లాగే స్పర్శ దానంతటదే వచ్చేది. 1954 నాటికి ఆయనే మధ్యలోని ఆ యాంత్రిక బంధం తీసేసి, కరెంటు మోటార్లతో, వైర్లతో కలిపాడు. దాంతో రెండు చేతులనీ ఎంత దూరమైనా పెట్టవచ్చు. కానీ స్పర్శ ఇక ఊరికే రాదు. అక్కడ సెన్సర్‌తో కొలవాలి, తీగ మీద పంపాలి, ఇక్కడ మోటారుతో మళ్ళీ పుట్టించాలి. ఈ మూడు చోట్లా కొంత పోతుంది, కొంత తప్పుగా కలుస్తుంది.

అందుకే చాలాకాలం స్పర్శను పంపకుండానే నడిపించేశారు. 2001 సెప్టెంబరు 7న జాక్ మరెస్కో బృందం న్యూయార్క్‌లో కూర్చుని, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ళ మహిళకు పిత్తాశయం తీసేసింది. దూరం నుంచి చేసే ఆపరేషన్లలో అదొక మైలురాయి. అయినా సర్జన్ ఆధారపడింది కంటి మీదే, తాకిడి బలాన్ని వెనక్కి పంపే ఏర్పాటు ఆ రోబోలో లేదు. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డా విన్సీ రోబో కూడా అలాంటిదే. కణజాలం మీద పడే బలాన్ని సర్జన్ చేతికి అందించే సౌకర్యం ఆ వరుసలో 2024లో అనుమతి వచ్చిన మోడల్‌తో గానీ రాలేదు.

స్పర్శలో రెండు రకాల కబుర్లు

ఆత్రేయపురంలో పూతరేకు తీయడం చూసినవాళ్ళకి ఈ తేడా చెప్పనక్కర్లేదు. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ. గుడ్డ ఒక్కసారి అలా లాగగానే రేకు పడుతుంది. దాన్ని తీసే ఆడమనిషి వేలి కొసలతో అంచు పట్టుకుని లేపుతుంది. అక్కడ బలమంటూ ఏమీ లేదు, రేకు బరువు చేతికి ఆననే ఆనదు. అంచు విడుతోందో లేదో, ఎక్కడైనా చిరుగుతోందో ఆమెకి చెప్పేది వేలి కొస చర్మం. గెడ వేసేవాడికి కబురు చెప్పేవి ప్రధానంగా మణికట్టు, మోచెయ్యి, భుజం. అంటే కండరాలు, కీళ్ళు.

మొదటి రకం చర్మపు స్పర్శ, రెండోది బలపు స్పర్శ. నేటి యంత్రాలు ఎక్కువగా పంపేది రెండోదాన్నే. మన చర్మంలో లోతుగా ఉండే కొన్ని గ్రాహకాలు సెకనుకి 250 చుట్టుపక్కల సార్లు కదిలే కంపనాలను అన్నిటికంటే బాగా పసిగడతాయి, 1000 దాకా కూడా గుర్తిస్తాయి. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు చాలు. స్పర్శ యంత్రాలు మాత్రం సెకనుకి దాదాపు 1000 సార్లు బలాన్ని సరిచూసుకుంటాయి. గట్టి వస్తువు తగిలినప్పుడు అది గట్టిగానే అనిపించాలంటే ఆ వేగం కావాలి.

మొదటి కొలత: యంత్రం ఎంత నిజం చెబుతోంది?

మంచి గెడ చేతిలో ఉన్నట్టే అనిపించదు, నేలే చేతికి తగిలినట్టుంటుంది. నానిపోయి బరువెక్కిన గెడైతే దాని బరువే చేతికి తెలుస్తుంది. మరీ సన్నటి గెడైతే రాయి తగిలినా వంగుతుంది, రాయి మెత్తగా అనిపిస్తుంది. గెడ అడ్డు రాకపోవడమనే ఈ గుణాన్నే ఇంజినీర్లు పారదర్శకత అంటారు. అవతలి వస్తువు ఎంత గట్టిగా ఉందో ఇవతలి చేతికి సరిగ్గా అంతే గట్టిగా అనిపిస్తే పూర్తి పారదర్శకత ఉన్నట్టు. 1993లో డేల్ లారెన్స్ ఈ భావనని లెక్కల్లో స్థిరపరిచాడు. తర్వాత వచ్చిన కొలతలు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

దీన్ని కొలవడం సులువే అనిపిస్తుంది. రెండు వైపులా సెన్సర్లు పెట్టి, అక్కడి బలానికీ ఇక్కడి బలానికీ తేడా తీసి, వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీస్తే ఒక అంకె వస్తుంది. తేడా ఎంత తక్కువైతే యంత్రం అంత మంచిది. వింటే న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

న్యూటన్ అంటే చేతిలో దాదాపు 100 గ్రాములు పెట్టుకున్నంత బలం. అవతలి చేతికి ఏదో టక్కున తగిలింది. ఐదు క్షణాల్లో అక్కడి బలం 0, 2, 6, 2, 0 న్యూటన్లు. ఒక్కో క్షణమూ 10 మిల్లీసెకన్లు అనుకుందాం.

మొదటి యంత్రం ఆ దెబ్బని ఉన్నదున్నట్టే అందించింది, కాకపోతే ఒక క్షణం ఆలస్యంగా. ఇవతల 0, 0, 2, 6, 2 వచ్చాయి. తేడాలు 0, 2, 4, 4, 2. వర్గాల మొత్తం 40, సగటు 8, వర్గమూలం సుమారు 2.8.

రెండో యంత్రం ఏ దెబ్బనీ అందించలేదు. మొదటి నుంచి చివరి దాకా 2 న్యూటన్లు అలా తోస్తూనే ఉంది. తేడాలు 2, 0, 4, 0, 2. వర్గాల మొత్తం 24, సగటు 4.8, వర్గమూలం సుమారు 2.2.

లెక్క ప్రకారం రెండోదే మెరుగైన యంత్రం! చేతిలో పెట్టి చూస్తే మొదటిదానిలో దెబ్బ తెలుస్తుంది, రెండోదానిలో ఏదో నొక్కుతున్నట్టు తప్ప ఇంకేమీ తెలియదు. నేను ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ వేశాను. తప్పు లేదు. ఆ అంకెకి ఆకారం తెలియదు, అంతే. ఆలస్యాన్ని విడిగా, ఆకారాన్ని విడిగా కొలవకుండా ఈ ఒక్క అంకె చూపించి "మా యంత్రమే మేలు" అనే వాదన ఎక్కడ కనపడినా ఈ ఐదు క్షణాలూ గుర్తు చేసుకోవాలి.

రెండో కొలత: మనిషి చేతికి ఎంత తేడా అందుతుంది?

జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ వెబర్ 1830లలోనే ఒక సంగతి గమనించాడు. మనకి తెలిసేది తేడా ఎంత అన్నది కాదు, ఉన్నదానిలో అది ఎన్నో వంతు అన్నది. అరకిలో సంచిలో 100 గ్రాములు కలిపితే చెయ్యి పట్టేస్తుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలో అదే 100 గ్రాములు కలిపితే ఎవరికీ తెలియదు. బలం విషయంలో మనిషి చెయ్యి గుర్తించే కనీస తేడా సుమారు 10 శాతం. గట్టిదనం విషయంలో లినెట్ జోన్స్, ఇయాన్ హంటర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో అది 23 శాతం దాకా ఉంది.

ఆ 23 శాతం ఎందుకు ముఖ్యమో తాటిముంజలతో చూద్దాం. వేసవిలో ముంజలు కొనేవాళ్ళు బొటనవేలితో నొక్కి లేతదా ముదురుదా అని చూస్తారు. లేత ముంజ ఒక మిల్లీమీటరు దిగడానికి 0.6 న్యూటన్లు, ముదురుదానికి 1 న్యూటన్ కావాలనుకుందాం. లెక్క కోసం వేసుకున్న అంకెలే ఇవి. రెంటికీ తేడా 40 శాతం, చేతికి తేలిగ్గా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక యంత్రం గట్టిదనాన్ని ఎప్పుడూ 70 శాతానికి తగ్గించి చూపిస్తుంది. దానితో నొక్కితే లేతది 0.42గా, ముదురుది 0.7గా అనిపిస్తాయి. రెండూ తప్పే. కానీ రెంటి మధ్యా తేడా ఇంకా 40 శాతమే కాబట్టి ఏది లేతదో చెప్పేయగలం.

ఇంకో యంత్రపు చేతిలోనే మెత్తదనం ఉంది, సన్నటి గెడ వంగినట్టు అదే మిల్లీమీటరుకి 0.5 న్యూటన్లతో వంగుతుంది. ఇలాంటి మెత్తదనం వస్తువు మెత్తదనంతో కలిసిపోతుంది. లెక్క కడితే లేత ముంజ 0.27, ముదురు ముంజ 0.33 అవుతాయి. తేడా 18 శాతానికి పడిపోయింది, 23 లోపే. ఇక నొక్కి చెప్పడం కష్టం, ఊహించడమే.

శస్త్రచికిత్స రోబోల పరిశోధకులు కొందరు పారదర్శకత కంటే ఇదే ముఖ్యమని వాదిస్తారు. గడ్డ ఎంత గట్టిదో అంకెల్లో సరిగ్గా తెలియకపోయినా ఫర్వాలేదు, చుట్టూ ఉన్న కండ కంటే గట్టిగా ఉందని తెలిస్తే చాలంటారు. అటువైపు వాళ్ళ మాటలోనూ బలముంది. దారం ముడి బిగించేటప్పుడు పోల్చుకోవడానికి పక్కన రెండోది ఉండదు. అక్కడ అసలు బలం ఎంతో తెలియాలి, లేదంటే దారం తెగుతుంది. నా మటుకు నాకు ఈ రెండు వాదనలూ పోటీ పడుతున్నట్టు కనిపించవు. పని ఏమిటో చెప్పకుండా కొలత గురించి మాట్లాడితే వచ్చే తగువు ఇది.

వెబర్ సూత్రంతో ఇంకో లాభం ఉంది. చేతికి ఎలాగూ తెలియని తేడాలను తీగ మీద పంపడం దండగ. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎకెహార్డ్ స్టైన్‌బాఖ్ బృందం, బలంలో మార్పు ఒక హద్దు దాటితేనే పంపే పద్ధతిని రూపొందించింది. కొన్ని ప్రయోగాల్లో పంపాల్సిన ప్యాకెట్లు 90 శాతం దాకా తగ్గాయి. నాణ్యతని కొలిచే కొత్త సూత్రాలు కూడా ఇదే దారి పట్టాయి. 0.5 న్యూటన్ల దగ్గర 0.2 తేడా వస్తే ఎక్కువ మార్కులు కోస్తాయి, 10 న్యూటన్ల దగ్గర అదే తేడాని వదిలేస్తాయి. వీడియో నాణ్యత కొలతలు కంటి స్వభావాన్ని లెక్కలోకి తీసుకున్నట్టే ఇవి చేతి స్వభావాన్ని తీసుకుంటాయి. కాకపోతే ఈ హద్దులన్నీ మనిషి వేరే ధ్యాస లేకుండా తేడా కోసమే చూస్తున్నప్పుడు తీసినవి. పనిలో మునిగి, చెయ్యి కదులుతున్నప్పుడు అవి మారతాయి. మనిషి మనిషికీ మారతాయి.

ఆలస్యం వస్తే ఏమవుతుంది?

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమలాపురానికి 450 కిలోమీటర్ల కేబుల్ ఉందనుకుంటే రానూపోనూ 4.5 మిల్లీసెకన్లు. ఇది ఎవరూ తగ్గించలేని భాగం. మిగతాదంతా మధ్యలోని పరికరాల దగ్గర, వీడియోని కుదించి విప్పడం దగ్గర చేరుతుంది. 2001 నాటి అట్లాంటిక్ ఆపరేషన్‌లో మొత్తం ఆలస్యం సుమారు 155 మిల్లీసెకన్లు, అందులో సగానికి దగ్గరగా వీడియో పనికే పోయింది.

బొమ్మ ఆలస్యమైతే చిరాకు, అంతవరకే. బలం ఆలస్యమైతే యంత్రమే ఊగిపోతుంది. ఇది డెల్టా రైతుకి బాగా తెలిసిన బాధే. శివారు పొలాలు ఎండుతున్నాయని గొడవ చేస్తే దవళేశ్వరం దగ్గర నీళ్ళు వదులుతారు. అవి కాలువల వెంట శివారుకి చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఇంకా రాలేదని ఇంకాస్త వదిలిస్తారు. చివరికి అంతా ఒక్కసారే వచ్చిపడి చేలు మునుగుతాయి, వెంటనే కట్టేయమంటారు, మళ్ళీ ఎండుతాయి. యంత్రంలోనూ అంతే. అవతలి చెయ్యి గోడకి తగిలింది, ఆ కబురు ఇవతలికి రాలేదు, కాబట్టి మనిషి ఇంకా తోస్తున్నాడు. కబురు వచ్చేసరికి బలం విపరీతంగా పెరిగి హ్యాండిల్‌ని ఒక్కసారిగా వెనక్కి తంతుంది. చెయ్యి వెనక్కి పోతుంది, ఆ కబురూ ఆలస్యంగా అటు చేరుతుంది. ఈ ఊగులాట క్షణాల్లో పెరిగిపోతుంది.

1989లో రాబర్ట్ ఆండర్సన్, మార్క్ స్పాంగ్, 1991లో గుంటర్ నీమెయర్, జాన్ జాక్ స్లోటిన్ దీన్ని అదుపుచేసే పద్ధతులు చూపించారు. ఆలస్యం వల్ల లేని శక్తి పుట్టుకురాకుండా చూడటం వాటి మూల సూత్రం. ఊగులాట ఆగుతుంది, కానీ దానికి ఖరీదు కట్టాల్సిందే. యంత్రం మందకొడిగా, బురదలో చెయ్యి తిప్పుతున్నట్టు అనిపిస్తుంది. రాయి కూడా కాస్త మెత్తబడుతుంది. స్థిరత్వం పెంచితే పారదర్శకత తగ్గుతుందన్నది లారెన్స్ చేసిన విశ్లేషణలో ముఖ్యాంశం. కాబట్టి ఏ యంత్రం స్పర్శ నాణ్యతైనా ఎంత ఆలస్యం దగ్గర కొలిచారో చెప్పాలి. ఒకే గదిలో రెండు చేతులూ పెట్టి తీసిన అంకె అమలాపురానికి పనికిరాదు.

మూడో కొలత: పని బాగుపడిందా?

ఇక్కడ సెన్సర్ల లెక్క పక్కన పెట్టి ఫలితం చూస్తారు. కడ్డీని రంధ్రంలో పెట్టమంటారు, ముడి వేయమంటారు. పట్టిన సమయం, వాడిన అత్యధిక బలం, సగటు బలం, తప్పులు రాసుకుంటారు. 2002లో హార్వర్డ్ పరిశోధకులు నమూనా కణజాలం మీద చేసిన ప్రయోగంలో, బలపు స్పర్శ లేనప్పుడు సగటు బలం కనీసం 50 శాతం పెరిగింది, అత్యధిక బలం కనీసం రెట్టింపయింది, కణజాలాన్ని గాయపరిచే తప్పులు మూడింతలు దాటాయి.

అయితే స్పర్శ లేని రోబోలతోనే లక్షల ఆపరేషన్లు జరిగాయన్నదీ నిజమే. అనుభవం ఉన్న సర్జన్లు కండ ఎలా సాగుతోందో, ఎక్కడ రంగు పాలిపోతోందో చూసి బలాన్ని అంచనా వేస్తారు. వాళ్ళకి కన్నే కొంతవరకు చెయ్యిగా పనిచేస్తుంది. అందుకే కొత్తవాళ్ళతో చేసిన పరీక్ష ఫలితాన్ని ఇరవై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళకి అంటగట్టకూడదు.

మనుషులతో చేసే పరీక్షల్లో ఇంకో చిక్కు ఉంది. పది మందీ ముందు స్పర్శ లేకుండా చేసి, తర్వాత స్పర్శతో చేస్తే, రెండోసారి మెరుగైంది స్పర్శ వల్లా, అలవాటు వల్లా? సగం మందికి వరుస తిరగేస్తే గానీ తేలదు. తేడా గుర్తుపట్టే పరీక్షల్లో అదృష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 20 సార్లు రెండు ముంజల్లో లేతదేదో చెప్పమంటే ఒకరు 14 సార్లు సరిగ్గా చెప్పారనుకుందాం. మెచ్చుకోబుద్ధేస్తుంది. కానీ కళ్ళు మూసుకుని నాణెం ఎగరేసి చెప్పినా 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావడం వందలో దాదాపు ఆరుసార్లు జరుగుతుంది. 15 సరైతే ఆ అవకాశం వందలో రెండుకి దిగుతుంది.

"ఎలా అనిపించింది?" అని అడిగి మార్కులు వేయించుకోవడం ఇంకో పద్ధతి. పని ఒత్తిడి కోసం నాసా 1988లో తెచ్చిన ఆరు ప్రశ్నల పట్టీ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇది మూడ్‌ని బట్టి మారే కొలత అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. మనిషికి సుఖంగా లేని యంత్రానికి సెన్సర్ ఎన్ని మార్కులిస్తే ఏమిటనేవాళ్ళూ ఉన్నారు. ప్రస్తుతం ఎక్కువమంది పట్టిన దారి మధ్యలో ఉంది. ముందు చాలామందితో మార్కులు వేయించి, ఆ మార్కులను ముందే ఊహించగల సెన్సర్ లెక్క ఏదో వెతుకుతారు. ఆ లెక్క కుదిరితే ప్రతిసారీ మనుషుల్ని కూర్చోబెట్టక్కర్లేదు.

కాకినాడ సముద్రం అడుగున వేరే లెక్క

ఆపరేషన్ల హడావుడిలో మనం మరిచిపోతున్న ఇంకో టెలిఆపరేషన్ మన తీరంలోనే జరుగుతోంది. కాకినాడ నుంచి సముద్రంలోకి వెళ్తే కేజీ-డీ6 గ్యాస్ బావుల్లో కొన్ని రెండు వేల మీటర్ల లోతున ఉన్నాయి. అంత లోతుకి డైవర్ దిగలేడు. ఓడ మీద కూర్చున్న ఆపరేటరు కేబుల్ చివర ఉన్న రోబోతో వాల్వులు తిప్పాలి, కనెక్టర్లు బిగించాలి. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండటం చూసిన కోనసీమకి, మనిషి దగ్గరికి పోలేని చోట యంత్రపు చెయ్యి ఎంత అవసరమో తెలుసు.

అక్కడి స్పర్శకి కావాల్సిన గుణాలు వేరు. ముంజలో 23 శాతం తేడా పట్టే సున్నితత్వం అక్కర్లేదు. వాల్వు చివరికంటా తిరిగి ఆగిందా, లేక మధ్యలో పట్టేసిందా అన్నది స్పష్టంగా తెలియాలి. బురద లేచి కెమెరాకి ఏమీ కనపడనప్పుడు కూడా తెలియాలి. సర్జరీ రోబోకి వేసే పరీక్ష దీనికి వేస్తే మంచి యంత్రం ఫెయిలవుతుంది, పనికిరానిది పాసవుతుంది.

మా పెద్దమ్మకి ఇదంతా వివరంగా చెప్పాను. ఆపరేషన్ చేసే డాక్టరు గారికి లోపల ఎంత గట్టిగా ఉందో కొత్త యంత్రాల్లో కొంత తెలుస్తుందని, ఎంత తెలుస్తుందో కొలిచే పద్ధతులు ఉన్నాయని. ఆవిడ చేతిలో పూతరేకు పొట్లం ఉంది. ఒక రేకు అంచు వేలితో తడిమి, "మరి ఇలాంటిదో?" అంది. వేలి కొసకి జారడం, గరుకుదనం, తడి ఎలా అనిపిస్తాయన్నది ఏ సెన్సర్ అంకెతో పోల్చాలో అందరూ ఒప్పుకున్న లెక్క ఇంకా లేదు. ఆ పరీక్షల్లో ఇప్పటికీ మనుషుల్నే కూర్చోబెట్టి, తాకించి, అడిగి రాసుకుంటున్నారు.